పదునేడు కోట్ల పేర్లు వ్రాయించిన సుకుమార్ సేన్

1950 మార్చి 21వ తేదీన కొత్త ఢిల్లీలో ఒక బెంగాలీ ఐ.సి.ఎస్. ఉద్యోగి సరిక్రొత్త పదవి నొకదానిని స్వీకరించిరి. ఆ కుర్చీలో అంతకు ముందు కూర్చున్నవా రెవ్వరును లేరు. కావున పాత ఫైళ్లు తిరుగవేసి, మునుపటివారు వ్రాసిన నోట్లు చూచి, ఆ త్రోవనే నడచుకొను సదుపాయము ఆయనకు లేకపోయెను. సెక్రటేరియట్ జీవిత మెరిగినవారికి ఇది యెంతటి కష్టమో వేరుగా చెప్పవలసిన పనిలేదు. ఆయన పేరు సుకుమార్ సేన్. ఆ పదవి భారత ప్రధాన ఎన్నికల కమీషనరు పదవి. దేశములో ఇరువదియొక్క సంవత్సరములు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి వోటు హక్కు నిచ్చుచున్నామని రాజ్యాంగములోని 326వ అధికరణము ఒక్క వాక్యములో చెప్పి ముగించినది. ఆ వాక్యమును ఊరూర, వాడవాడల నిజము చేయు భారము సేన్ గారిపై బడినది.

సేన్ గారు పందొమ్మిదవ శతాబ్దము ముగియుచున్న రోజులలో జన్మించిరి. కలకత్తాలోని ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, పిమ్మట లండను విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమునందు స్వర్ణపతకము పొందిరి. ఐ.సి.ఎస్.లో చేరిన పిదప బెంగాలు జిల్లాలలో చిరకాలము న్యాయాధిపతిగా పనిచేసిరి. 1947లో దేశము రెండుగా చీలినపుడు పశ్చిమ బెంగాలు ప్రభుత్వమునకు ఛీఫ్ సెక్రటరీ అయిరి. శరణార్థులు వేలకు వేలుగా సరిహద్దు దాటి వచ్చుచుండిన ఆ రోజులలో అది పూలపానుపు వంటి ఉద్యోగము కాదు. అంకెలమీద ప్రేమ, న్యాయస్థానములో అలవడిన నిదానము, విభజన నేర్పిన ఓర్పు: ఈ మూడింటితో ఆయన ఢిల్లీకి వచ్చిరి.

అంతకు ముందు వోటన్నది ఆస్తి గలవాని సొత్తు. 1935 నాటి చట్టము ప్రకారము 1937లో జరిగిన ఎన్నికలలో వోటు హక్కు గలవారు సుమారు మూడు కోట్ల మంది. వారిలో స్త్రీలు నలువది రెండు లక్షల చిల్లర. భూమిశిస్తు కట్టువాడో, పన్ను చెల్లించువాడో, కొంత చదువుకొన్నవాడో అయిననే పేరు జాబితాలో కెక్కెడిది. 1921లోనే మద్రాసు శాసనమండలి స్త్రీలకు వోటు హక్కు నంగీకరించి ఇతర రాష్ట్రములకు దారి చూపినమాట నిజమే. కాని ఆ హక్కు కూడ ఆస్తి గల స్త్రీకే. గోదావరి డెల్టాలో ఆకుమడి దున్ను పాలేరుకు గాని, పల్నాటి చేలలో మిరపకాయ కోయు కూలిమనిషికి గాని వోటుతో పనియే లేదు. ఇప్పుడు వారందరును ఒక్కసారిగా వోటర్లైరి. లెక్క వేయగా పదునేడు కోట్ల ముప్పది లక్షల మందికి పైగా తేలిరి. వారిలో నూటికి ఎనభై మందికి పైగా చదువను వ్రాయను రానివారు.

ఇచట ఒక మాట చెప్పకపోయిన అన్యాయ మగును. వోటర్ల జాబితాల పని సేన్ గారితో ప్రారంభము కాలేదు. రాజ్యాంగమింకను ముసాయిదాగా ఉన్న కాలముననే, అనగా 1948లోనే, బి.ఎన్. రావు గారి పర్యవేక్షణలో రాజ్యాంగ పరిషత్ కార్యాలయము వయోజన వోటు హక్కు ప్రాతిపదికపై చిత్తు జాబితాలు వ్రాయుటకు రాష్ట్రములకు ఉత్తరువు లిచ్చినది. నిలువనీడ లేని శరణార్థుల విషయములో పెద్ద చిక్కు వచ్చినది. ఇంత కాలము ఒకచోట నివసించి యుండవలెనను నిబంధన వారి కెట్లు వర్తించును? ఇచటనే స్థిరపడ నుద్దేశించితి నని వ్రాసి యిచ్చినచో చాలునని నిర్ణయించి వారిని జాబితాలో చేర్చిరి. ఢిల్లీ శిబిరములలో గుడారములక్రింద తలదాచుకొన్నవారు ఎందరో అట్లే పౌరులైరి, వోటర్లైరి. సేన్ గారి చేతికి వచ్చినది ఈ చిత్తు పని. దానిని అచ్చుకు తగిన నిక్కమైన జాబితాగా మార్చుట ఆయన వంతు.

ప్రధానమంత్రి నెహ్రూ గారికి తొందర యెక్కువ. 1951 వసంతమునకే ఎన్నికలు ముగియవలెనని వారి కోరిక. సేన్ గారు ఇది తొందరపడి చేయు పని కాదని నిలుకడగా విన్నవించిరి. జాబితాలకు సంబంధించిన ప్రాతినిధ్య చట్టము 1950లోను, ఎన్నికల నిర్వహణకు సంబంధించినది 1951లోను పార్లమెంటు ఆమోదము పొందినవి. నియోజకవర్గముల హద్దులు నిర్ణయింపవలెను. జాబితాలు టైపు చేయుటకు, సరిచూచుటకు 16,500 మంది గుమాస్తాలను ఆరు నెలల ఒప్పందముపై నియమించిరి. వాటిని అచ్చువేయుటకు 3,80,000 రీముల కాగితము పట్టినది. చరిత్రపుస్తకములలో ఈ గుమాస్తాల పేర్లు కానరావు. వారు కొట్టిన ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క మనిషికి హక్కుపత్రమైనది.

ఈ పంక్తులలోనే సేన్ గారి జీవితములోని కఠినపరీక్ష పొంచియున్నది. జాబితాలు చూడగా ఉత్తరదేశమున, ముఖ్యముగా బీహారు, ఉత్తరప్రదేశము, రాజస్థానము, మధ్యభారతము, వింధ్యప్రదేశములలో, లక్షలకొలది స్త్రీలకు పేర్లు లేవు. ఫలానావాని తల్లి, ఫలానావాని భార్య అని మాత్రమే వ్రాసియున్నది. గణనకు వచ్చిన పరాయి మగవానికి తన పేరు చెప్పుట ఆ ప్రాంతపు ఆడవారికి తగని పని. మన తెలుగు ఇండ్లలోను భర్త పేరు నోట పలుకుటకు వెనుకటి తరమువారు సంకోచించిరి గాని, తన పేరు తాను చెప్పుకొనుటకు అంత బిడియపడలేదు. అందుచేత ఈ చిక్కు దక్షిణదేశమువారికి మొదట అర్థమే కాలేదు.

ఏమి చేయవలెను? ఉన్నది ఉన్నట్లే అచ్చువేసినచో ఎవ్వరును తప్పు పట్టరు. కాని ఫలానావాని భార్య అనునది గుర్తింపు కాదు. ఆ పేరు చెప్పుకొని ఎవ్వరైనను వచ్చి వోటు వేసి పోవచ్చును. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి. రాజ్యాంగము వోటు నిచ్చినది స్త్రీకి, ఆమె భర్తకు కాదు, కొడుకునకు కాదు. స్వంత పేరు తెలిపిననే జాబితాలో నుంచవలెనని సేన్ గారు ఉత్తరువు చేసిరి. పేర్లు మరల సేకరించుటకు కొన్నిచోట్ల గడువు కూడ పొడిగించిరి. కొందరు ముందుకు వచ్చి చెప్పిరి. అయినను మొత్తము ఎనిమిది కోట్ల స్త్రీలలో సుమారు ఇరువది ఎనిమిది లక్షల మంది పేరు చెప్పలేదు. వారిని జాబితానుండి కొట్టివేసిరి.

ఇరువది ఎనిమిది లక్షల మంది హక్కును ఒక కలముపోటుతో తీసివేయుట చిన్న విషయము కాదు. అందరికి వోటు కల్పించుటకై నియమింపబడిన అధికారియే ఇందరిని బయట నిలుపుట న్యాయమా యని ఆనాడు ప్రశ్న వచ్చినది, ఈనాడును రావచ్చును. ఆ స్త్రీలు చేసిన నేరమేమియు లేదు. తరతరముల ఆచారమునకు వారు లోబడిరి, శిక్షయు వారే అనుభవించిరి. సేన్ గారు దీనిని ఎరుగకపోలేదు. ఈసారి రేగిన అలజడి వలననే వచ్చు ఎన్నికలనాటికి ఆ దురాచారము సడలునని వారు భావించిరి. ఇది న్యాయాధిపతి వేసిన లెక్క. ఒక తరపు నష్టమును కండ్లార చూచుచునే తీర్పు చెప్పిన లెక్క. ఆ లెక్క సరిపోయినదా లేదా యన్నది తెలియుటకు 1957 వరకు ఆగవలసి వచ్చినది.

రెండవ చిక్కు చదువురానివాడు తన మనస్సులోని మాటను ఎట్లు తెలుపవలెనన్నది. పేరు చదువలేనివానికి అచ్చువేసిన పట్టికవలన ప్రయోజన మేమి? ప్రక్కవానిని అడిగినచో రహస్యము పోవును. ఆ ప్రక్కవాడు కరణమో, కామందో, అప్పిచ్చిన షావుకారో అయినపుడు వోటు తనది కాకనే పోవును. గణితజ్ఞుడైన సేన్ గారు దీనిని విడమరచి చూచిరి. ప్రతి అభ్యర్థికి ఒక్కొక్క ప్రత్యేకమైన పెట్టె. పెట్టెపై అభ్యర్థి గుర్తు. వోటరు చేయవలసినది తెరచాటునకు పోయి, తన కిష్టమైన గుర్తుగల పెట్టెలో చిన్న కాగితమును వేయుటయే. వ్రాయుట లేదు, గీత గీయుట లేదు. ఆ కాగితము రూపాయి నోటంత పరిమాణము గలది. నాసికులోని ప్రభుత్వ ముద్రణాలయములో అచ్చయినది.

గుర్తుల ఎన్నికలో కమీషను చూపిన జాగ్రత్త మెచ్చుకొనదగినది. పల్లెటూరివాని కండ్ల ముందు నిత్యము మెదలు వస్తువై యుండవలెను. చూచిన వెంటనే తెలియవలెను. అయితే మతమునకు గాని, దేశభక్తికి గాని ముడిపడిన వస్తువు కారాదు. అందుచేత ఆవు, దేవాలయము, జాతీయపతాకము, రాట్నము జాబితాలో చేరలేదు. కాంగ్రెసునకు కాడి జోడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, సోషలిస్టులకు చెట్టు, కృషికార్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె లభించినవి. కొలది నెలలలో పల్లెటూళ్లలో పార్టీల పేర్లు మరుగుపడి ఈ గుర్తులే వాడుకలోనికి వచ్చినవి. ఎవరికి వేసితివని అడుగువాడు లేడు. ఎద్దులకా, కంకికా అని అడుగువాడే.

ఇన్ని పెట్టెలకు ఉక్కు ఎక్కడిది? ఇరువది లక్షలకు పైగా పెట్టెలు చేయింపవలసి వచ్చినది. అందులకు 8,200 టన్నుల ఉక్కు పట్టినది. బొంబాయి గోద్రెజ్ కర్మాగారముతో పాటు మన హైదరాబాదు ఆల్విన్ కర్మాగారము కూడ ఈ పెట్టెలు చేసినది. ఒకే మనిషి రెండుమారులు వోటు వేయకుండుటకు వ్రేలిపై పూయు చెరగని సిరాను భారతీయ శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. 3,89,816 సీసాల సిరా ఖర్చైనది. పోలింగు కేంద్రములు, ఆ కేంద్రములకు 56,000 మంది ప్రిసైడింగు అధికారులు, 2,80,000 మంది సహాయకులు, 2,24,000 మంది పోలీసులు! కొండలలోని పల్లెలకు సామగ్రి చేర్చుటకు వంతెనలు కట్టిరి. దీవులకు నావికాదళపు ఓడలలో పంపిరి. ఎన్నికల విధానము తెలుపు చిత్రమును మూడువేలకు పైగా సినిమాహాళ్లలో చూపించిరి.

1951 అక్టోబరు 25వ తేదీన హిమాచలములోని చీనీ తాలూకాలో తొలి వోటు పడినది. మంచు కురిసి దారులు మూసికొనిపోక ముందే అచట ముగింపవలెనని ఆ యేర్పాటు. దేశములో ఎక్కువ భాగము 1952 జనవరి, ఫిబ్రవరి నెలలలో వోటు వేసినది. ఫిబ్రవరి 21తో మహాయజ్ఞము ముగిసినది. లెక్కింపునకు పెట్టెలు తెరచినపుడు కొన్నింటిలో పువ్వులు, నాణెములు, ప్రభుత్వమునకు వ్రాసికొన్న అర్జీలు కూడ బయటపడినవి. దీనిని చూచి పట్టణవాసులు కొందరు నవ్విరి. నవ్వుటకు కారణము కనబడదు. ప్రభుత్వము తన ఊరికి వచ్చి, తన మాట వినుటకై ఒక పెట్టెను తెరచి పెట్టుట ఆ పల్లెవాసికి అదియే మొదటిసారి. చెప్పవలసినదంతయు అతడు అందులోనే చెప్పుకొనినాడు.

వోటరు తన మనస్సుతోనే ఎన్నుకొనినాడా, ఒకరు చెప్పినట్లు చేసినాడా? ఫలితములను చూచినవారికి ఈ ప్రశ్నకు సమాధానము దొరకును. నూటికి నలువది యైదు వోట్లతో కాంగ్రెసు లోక్‌సభలోని 489 స్థానములలో 364 గెలిచిన మాట నిజము. అయినను గెలుపు అందరిని వరించలేదు. మద్రాసు ముఖ్యమంత్రి, రాజపాళయపు తెలుగు బిడ్డ కుమారస్వామి రాజా శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయిరి. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులంతటివారు మద్రాసు నగరములో ఓడిపోయిరి. వయోజన వోటు హక్కును రాజ్యాంగములో వ్రాసిన డాక్టరు అంబేద్కరే బొంబాయిలో ఓడిపోయిరి. నల్గొండలో నిన్నటి దాక అజ్ఞాతవాసములో నున్న రావి నారాయణరెడ్డి గారు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంటు పక్షమున నిలిచి, నెహ్రూ గారికి పడిన వోట్లకంటె అధిక సంఖ్యలో వోట్లు గడించిరి. కొన్ని నెలలకు ముందు తుపాకులు మ్రోగిన ఆ పల్లెలలో ప్రజలు వరుసలు కట్టి కాగితములు వేసిరి. సేన్ గారి ఉక్కుపెట్టెకు ఇంతకంటె మంచి సాక్ష్యము దొరకదు.

ఢిల్లీలోని తెలుగువారు ఇంకొక ఫలితమును కూడ గుర్తుంచుకొనదగును. కేంద్రప్రభుత్వోద్యోగుల నివాసములతో నిండిన కొత్త ఢిల్లీ నియోజకవర్గమున 1952లో గెలిచినవారు సుచేతా కృపలానీ గారు. వారి గుర్తు గుడిసె. ఓడినవారు పాలకపక్షపు అభ్యర్థిని మన్‌మోహినీ సహగల్ గారు. పగలు ప్రభుత్వపు ఫైళ్లు వ్రాయు ఉద్యోగులు ఎందరో తెరచాటున తమకు తోచిన పెట్టెలో కాగితము వేసి, మరునాడు యథాప్రకారము కార్యాలయమునకు పోయిరి. ప్రభుత్వోద్యోగి వోటు వేయవచ్చును గాని, ఎవరికి వేయునో సూచింపరాదన్న నియమము ఉద్యోగు లెల్లరు ఎరిగినదే. ఆ నియమము వారి నోరు కట్టినది గాని చేయి కట్టలేదు. 1957లో సుచేతా గారే కాంగ్రెసు పక్షమున జోడెద్దుల గుర్తుపై అచటనే మరల గెలిచిరి. అనగా గుర్తు మారినను మనిషిని చూచి వేసినవారును ఉండిరన్న మాట.

1955 ఫిబ్రవరిలో ఆంధ్రరాష్ట్ర శాసనసభకు జరిగిన ఎన్నికలు సేన్ గారి కాలములోనివే. 1952 ఫలితములను చూచి అధికారము తమదే యని కమ్యూనిస్టులు ఆశించిరి. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఏకమై నిలువగా 196 స్థానములలో 146 ఈ కూటమికి వచ్చినవి. కమ్యూనిస్టులకు 15 మాత్రమే. చిత్రమేమనగా నూటికి ముప్పది యొక్క వోట్లు వారికి పడినవి. వోట్లు తగ్గక స్థానములు తగ్గుట సామాన్యునకు వింతగా తోచును. ఎదుటివారి వోట్లు చీలినపుడు గెలిచినవాడు, అవి కలసినపుడు ఓడును. ఇది గణితము, కుట్ర కాదు.

కీర్తి దేశము దాటినది. 1953లో సూడాను దేశము స్వపరిపాలనకై తొలి ఎన్నికలు జరుపుకొనినపుడు, బ్రిటను, ఈజిప్టు, అమెరికా, సూడాను ప్రతినిధులతో కూడిన అంతర్జాతీయ సంఘమునకు సేన్ గారిని అధ్యక్షునిగా కోరిరి. ఎడారి సంచారజాతులు, దక్షిణపు అడవులు గల ఆ దేశమున వారు వీలైనచోట ప్రత్యక్షముగను, కానిచోట పరోక్షముగను ఎన్నికలు జరిపించిరి. 1956 జనవరి 1న సూడాను స్వతంత్రమైనది. 1954లో భారత ప్రభుత్వము వారిని పద్మభూషణ బిరుదముతో సత్కరించినది.

వారి పక్షపాతరాహిత్యమునకు ఒక ఉదాహరణ చాలును. వారి తమ్ముడు అశోక్ కుమార్ సేన్ పేరు గాంచిన న్యాయవాది. 1956లో వాయవ్య కలకత్తా ఉప ఎన్నికలో పాలకపక్షపు అభ్యర్థిగా నిలిచి ఓడిపోయిరి. అన్నగారు ఎన్నికల కమీషనరు, పార్టీ అధికారములో నున్న పార్టీ, అయినను తమ్ముడు ఓడెను! మరుసటి సంవత్సరము సాధారణ ఎన్నికలలో గెలిచి అశోక్ సేన్ కేంద్ర న్యాయశాఖ మంత్రి అయిరి. ఓటమిని గూర్చి గాని, గెలుపును గూర్చి గాని అన్నగారిపై వేలెత్తి చూపినవారు లేరు.

1957 నాటికి పని తేలికైనది. మొదటి ఎన్నికల పెట్టెలను సేన్ గారు భద్రముగా దాచి యుంచుటచే ఖజానాకు నాలుగున్నర కోట్ల రూపాయలు మిగిలినవి. ప్రత్యేకమైన పెట్టెల పద్ధతిలో లోపములు లేకపోలేదు. కాగితమును పెట్టెలో వేయక జేబులో దాచి బయటికి తెచ్చి అమ్ముకొనుటకు వీలుండెడిది. 1962 సాధారణ ఎన్నికలనాటికి ఒకే కాగితముపై ముద్రవేయు పద్ధతి దానిని తొలగించినది. గుర్తులు మాత్రము నిలిచినవి. యంత్రముల కాలములోను నిలిచియున్నవి.

ఇక ఆ ఇరువది ఎనిమిది లక్షల మాట. రెండవ సాధారణ ఎన్నికల జాబితాలు సిద్ధమైనపుడు లెక్కించి చూడగా, వయస్సు వచ్చిన స్త్రీలలో నూటికి తొంబది నలుగురి పేర్లు జాబితాలలో నున్నట్లు తేలినది. ఇంటివారికి కోపము వచ్చినను, ఊరు నవ్వినను, తమ పేరు తాము చెప్పుటకు లక్షలమంది సిద్ధపడిరన్న మాట. సేన్ గారి తీర్పు నెగ్గినది. 1952లో వోటు వేయలేకపోయిన స్త్రీలకు ఆ యేడు తిరిగి రాలేదన్నమాటయు నిజమే. 1990 నవంబరు, డిసెంబరు నెలలలో కొలది దినములు సేన్ గారు కూర్చున్న కుర్చీలో ఒక తెలుగు మహిళ కూర్చుండిరి. పశ్చిమగోదావరి జిల్లా చేబ్రోలున జన్మించిన వి.ఎస్. రమాదేవి గారు. ఆ పదవి నిర్వహించిన తొలి మహిళ వారే. అంతకు ముందు సంవత్సరమే వోటు వయస్సు ఇరువది యొకటి నుండి పదునెనిమిదికి దిగినది.

1958 డిసెంబరు 19వ తేదీన సేన్ గారు పదవి విడిచి కె.వి.కె. సుందరం గారి కప్పగించిరి. 1960లో బర్ద్వాను విశ్వవిద్యాలయ మేర్పడినపుడు దాని తొలి ఉపాధ్యక్షులైరి. అటుపిమ్మట చాలకాలము జీవింపలేదు. ఆత్మకథ వ్రాయలేదు, తన్ను గూర్చి చెప్పుకొను అలవాటు వారికి లేదు. వారు వ్రాసి విడిచినది తొలి సాధారణ ఎన్నికలపై ప్రభుత్వమునకు సమర్పించిన నివేదిక. అందులో కాగితపు రీములు, సిరా సీసాలు, ఉక్కు టన్నులు, పేరు చెప్పని స్త్రీల సంఖ్య, అన్నియు వరుసగా ఉన్నవి.